వందేళ్ల ప్రవేశ పరీక్ష – ఒక తాతయ్య ఆలోచన

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఆలోచనలో పడ్డాను. ముప్పై ఆరేళ్లు ఫైళ్ల మీద నోట్ పుటప్ చేసినవాడికి చరిత్ర ఏం తెలుస్తుంది? ఆ వారంలోనే అమెరికా నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, శాట్‌లో నాకు 1420 వచ్చింది. కాలేజీకి పంపనా, వద్దా?" అంది. వచ్చిన మార్కులు పంపడమా, మానడమా అన్న ప్రశ్న నా డెబ్బై అయిదేళ్లలో ఎన్నడూ వినలేదు. మన సభ్యుల్లో చాలామంది మనవలు, మనవరాళ్లు ఆ దేశంలో చదువుతున్నారు గనుక, ఆ పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకొని నాలుగు మాటలు రాస్తున్నాను.

పూర్వం అమెరికాలో ఏ కాలేజీ పరీక్ష ఆ కాలేజీదే. ఈ గందరగోళం పోగొట్టడానికి 1900లో కొన్ని కాలేజీలు కలిసి ఒక బోర్డు పెట్టుకున్నాయి. 1901 జూన్‌లో జరిగిన మొదటి పరీక్ష రాసినవారు 973 మంది. లాటిన్, గ్రీకు, గణితం వంటి వాటిలో వ్యాసరూప సమాధానాలు రాయాలి. ఆ చదువు చెప్పే ఖరీదైన ప్రైవేటు బడుల పిల్లలకు అది అనుకూలంగా ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దాదాపు 17 లక్షలమందికి తెలివితేటల పరీక్ష పెట్టింది. ఆ పనిలో పాల్గొన్న కార్ల్ బ్రిగమ్ అనే ప్రిన్స్‌టన్ ఆచార్యుడు, ఫలానా జాతివారికి తెలివి ఎక్కువ, ఫలానా వారికి తక్కువ అని 1923లో పుస్తకం రాశాడు. ఆయన తయారుచేసిందే శాట్. 1926 జూన్ 23న 8,040 మంది ఆ పరీక్ష రాశారు. గంటన్నరకు కొంచెం పైగా సమయం, 315 ప్రశ్నలు! అయితే ఆయన గురించి ఇంకొక మాట చెప్పాలి. 1930లో తన పుస్తకంలోని వాదనకు ఆధారం లేదని తానే అచ్చులో ఒప్పుకున్నాడు. తప్పు రాశానని కాగితం మీద ఒప్పుకున్న అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు.

అలాగని పరీక్ష లేని పద్ధతి ధర్మంగా ఉండేదా అంటే అదీ లేదు. 1920లలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు మార్కులతో సీట్లు తెచ్చుకోవడం ఎక్కువైంది. అధ్యక్షుడు లోవెల్‌కు అది నచ్చలేదు. మార్కులు ఒక్కటే చాలవు, శీలం చూడాలి, ఫోటో పంపాలి, ఇంటర్వ్యూ జరగాలి అనే నిబంధనలు వచ్చాయి. వినడానికి ఎంతో ఉన్నతంగా ఉంది. లోపల ఉద్దేశం మాత్రం వారిని తగ్గించడమే. ఇంటర్వ్యూ మార్కుల మాయ ఎరిగిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

1933లో కోనంట్ హార్వర్డ్ అధ్యక్షుడయ్యాడు. మారుమూల ఊళ్లలోని తెలివైన పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలనుకొని, వారిని ఎంచడానికి శాట్‌ను వాడుకున్నాడు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే ఈ పరీక్షల నిర్వహణకు అక్కడ ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఆ తరువాత శాట్ దేశమంతా పాకింది. 1959లో దానికి పోటీగా యాక్ట్ అనే మరో పరీక్ష వచ్చింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్నగారు కౌలు రైతు. జిల్లా కేంద్రంలో మాకు తెలిసినవారంటూ ఎవరూ లేరు. 1972లో సర్వీస్ కమిషన్ పరీక్ష రాశాను కాబట్టి గుమాస్తానయ్యాను. సిఫారసు మీద అయితే ఇప్పటికీ అరక దున్నుతూ ఉండేవాణ్ణి. ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చొని పాసయ్యాను. అందుకే పరీక్ష అంటే నాకు దేవుడితో సమానం. ఆ భక్తి నా చేత ఒక తప్పు చేయించింది.

1996లో మా పెద్దబ్బాయి ఎంసెట్ రాశాడు. అప్పటికి ఆ పరీక్ష మొదలై పదేళ్లు. మావాడికి సీటు వచ్చే ర్యాంకు రాలేదు. నేను అందరి ముందూ, "కౌలు రైతు కొడుకు చేసిన పని గుమాస్తా కొడుకు చేయలేకపోయాడు" అన్నాను. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. తరువాత బి.ఎస్సీ., ఎం.సి.ఎ. చదివి 2003లో అమెరికా వెళ్లాడు. ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు.

నేను ఆనాడు గమనించనిది ఒకటుంది. నాతో పరీక్ష రాసినవారిలో ఎవరికీ కోచింగ్ లేదు. మావాడి నాటికి ఊరూరా కోచింగ్ సెంటర్లు వెలిశాయి. నేను వాణ్ణి చేర్పించలేదు, జీతం చాలలేదు. అమెరికాలోనూ అంతే. చదివితే పెరిగే మార్కులు కావని పరీక్ష పెట్టేవారు అంటూ ఉండగానే, 1946లో బ్రూక్లిన్‌లో స్టాన్లీ కప్లాన్ అనే ట్యూషన్ మాస్టారు శాట్‌కు పాఠాలు మొదలుపెట్టాడు. అది పెద్ద వ్యాపారమైంది.

ఈ కారణం చేతనే పరీక్ష మీద విమర్శలు పెరిగాయి. బౌడిన్ అనే కాలేజీ 1969లోనే మార్కులు పంపడం మీ ఇష్టం అంది. 2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడగా పేరున్న కాలేజీలన్నీ దాదాపు అదే బాట పట్టాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2021 నుంచి శాట్‌ను అసలు చూడనే చూడనంది. కాని 2022లో ఎం.ఐ.టి. పరీక్ష తప్పనిసరి అని మళ్లీ ప్రకటించింది. 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ వెనక్కి వచ్చాయి.

ఎందుకు వచ్చాయి? డార్ట్‌మత్ వారు లెక్కలు తీశారు. పేద ఇళ్ల నుంచి, వనరులు లేని బడుల నుంచి వచ్చిన పిల్లలు కొందరు, 1400 పైబడి తెచ్చుకొని కూడా తక్కువేమోనని దాచుకున్నారట. పంపి ఉంటే అది వారికి మేలు చేసేది. 2023లో రాజ్ చెట్టి బృందం ఇంకొకటి తేల్చింది. శాట్ మార్కులు సమానంగా ఉన్నా, ఆ పేరున్న కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కన్నా అత్యంత ధనవంతుల పిల్లలకు రెట్టింపు పైన. పూర్వ విద్యార్థుల పిల్లలనీ, ఆటలనీ, సిఫారసు ఉత్తరాలనీ దారులు చాలా ఉన్నాయి. పరీక్ష తీసేస్తే ఆ దారులు మూసుకుపోవు, ఇంకా వెడల్పవుతాయి.

కాబట్టి నాకు తోచింది ఇది. పరీక్ష తక్కెడ లాంటిది. తక్కెడ లేకపోతే కొట్టువాడి చెయ్యే తూకం. అయితే తూకం వేసేది ఆనాటి సరుకునే. పిల్లవాడి బతుకును కాదు.

మా మనవరాలు పేదపిల్ల కాదు. సాఫ్ట్‌వేర్ ఇంట పుట్టింది, కోచింగూ తీసుకుంది. అందువల్ల 1420కి ఆమె విషయంలో అంత విలువ కట్టకపోవచ్చునని ఉన్నమాటే చెప్పాను. "నువ్వు రాసింది దాచుకోవద్దమ్మా, పంపు" అన్నాను. పంపింది. ఫలితం ఎలా ఉన్నా సరే.

తరువాత మావాడితో మాట్లాడాను. "స్కోరు చూసి పిల్లనేమన్నావురా?" అని అడిగాను. "ఏమీ అనలేదు నాన్నా. బయటికి తీసుకెళ్లి ఐస్‌క్రీం ఇప్పించాను" అన్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "ఆ రోజు నేనన్న మాట తప్పురా" అన్నాను. "పోనీలెండి నాన్నా" అన్నాడు. ఇన్నేళ్లకు వాడి గొంతులో మార్పు విన్నాను.

పెన్షనర్ సోదర సోదరీమణులకు నా మనవి ఒక్కటే. ఫలితాలు వచ్చిన రోజు మనవడికో, మనవరాలికో ఫోన్ చేస్తే, ర్యాంకు సంగతి తరువాత. ముందు భోంచేశావా అని అడగండి.