గమాక్సిన్ నుంచి ఫ్లోరిన్ రసాయనాల దాకా: గోదావరి డెల్టాలో కాలేయం కథ

1960లో దేశం మొత్తంమీద ప్యాకేజీ ప్రోగ్రాంకు మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, అప్పు, పురుగుమందు అన్నీ కలిపి రైతుకు అందించాలన్నది ఆ పథకం ఉద్దేశం. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 వరిని పెద్ద ఎత్తున పండించి చూపాక డెల్టాలో పొట్టి వరి పాగా వేసింది. కొత్త వంగడాలతోపాటు తెగుళ్లూ పెరిగాయి. బీహెచ్‌సీ బస్తాలు, గమాక్సిన్ పొడి వంటి క్లోరిన్ పురుగుమందులు చేలగట్ల మీదికి చేరాయి. అంతకుముందే, 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ దేశమంతటా ఇళ్ల గోడలకు డీడీటీ పిచికారీ సాగుతూ వచ్చింది.

ఆ మందులు ప్రాణాలు నిలిపాయి, గాదెలు నింపాయి. కానీ ఎండకూ నీటికీ తేలిగ్గా విరగకపోవడమే వాటి బలం, వాటి కీడు కూడా. అవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. పురుగు నుంచి చేపకు, మేత నుంచి పాలకు, అక్కడి నుంచి మనిషి ఒంట్లోకి చేరి ఏళ్లతరబడి ఉండిపోతాయి. డెల్టా మురుగు కాలవలు దిగే కొల్లేరులో చేపల కండలో ఇలాంటి క్లోరిన్ మందుల అవశేషాలు దొరికినట్టు 2001లో ఒక అధ్యయనం వెలువడింది. వ్యవసాయంలో డీడీటీని 1989లో, బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది.

ఇలా ఒంట్లో ఏళ్లతరబడి నిలిచిపోయే మొండి రసాయనాలు కాలేయాన్ని ఏం చేస్తాయన్నదానికి తొలి పెద్ద హెచ్చరిక జపాన్ నుంచి వచ్చింది, అదీ తవుడు నూనె ద్వారా. 1968లో అక్కడి పశ్చిమ ప్రాంతంలో ఆ నూనె వాడినవాళ్ల ఒంటిమీద నల్లటి మొటిమలు లేచాయి. నూనె వాసన తీసే యంత్రంలో వేడిని మోసే గొట్టాల్లో పీసీబీ అనే పారిశ్రామిక ద్రవం ప్రవహించేది; అది కారి నూనెలో కలిసింది. యూషో అని పేరుపడ్డ ఆ జబ్బులో, చాలామంది రోగుల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు బాగా పెరిగి ఉన్నాయి. చర్మం మీద కనిపించిన విషం కాలేయంలో కొవ్వు లెక్కనూ తారుమారు చేసిందన్నమాట.

కాలేయం తన దగ్గరికి చేరిన కొవ్వును, తాను తయారుచేసిన కొలెస్ట్రాల్‌ను ఫాస్ఫరస్ ఉన్న ఫాస్ఫోలిపిడ్ పొరలో చుట్టి రక్తంలోకి పంపుతుంది. కొంత కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి పేగులోకి వదులుతుంది. ఈ పనులకు అడ్డు తగిలితే కొవ్వు కాలేయంలో పేరుకోవచ్చు, రక్తంలో కొలెస్ట్రాల్ పెరగవచ్చు. ఈ లెక్కలు తేల్చడానికి పనికొచ్చిన తొలి పద్ధతుల్లో ఒకదాని వెనక గోదావరి బిడ్డే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో రూపొందించిన ఫాస్ఫరస్ పరీక్ష 1925లో వెలువడింది. ఫాస్ఫోలిపిడ్లను కొలవడానికి ప్రయోగశాలలు దశాబ్దాలపాటు దాన్ని ఆధారం చేసుకున్నాయి.

2010లో అమెరికాలోని లూయివిల్ పరిశోధకులు వినైల్ క్లోరైడ్ అనే పారిశ్రామిక రసాయనంతో పనిచేసిన కార్మికుల్లో, ఊబకాయం లేకపోయినా, కొవ్వుతో వాచిన కాలేయాలను గుర్తించారు. కొవ్వు కాలేయానికి తిండి, మద్యం మాత్రమే కారణాలన్న నమ్మకం అక్కడ సడలింది.

అదే కాలంలో ఫ్లోరిన్ రసాయనాల వంతు వచ్చింది. అంటుకోని పెనం పూత అయిన టెఫ్లాన్‌ను 1938లో కనిపెట్టారు. దాని తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే ఫ్లోరిన్ రసాయనం అమెరికాలోని వెస్ట్ వర్జీనియా పరిసరాల తాగునీటిలో కలిసింది. 2005, 2006ల్లో అక్కడ దాదాపు 69,000 మంది నుంచి వివరాలు, రక్తం సేకరించారు. వారిలో 46,294 మంది పెద్దలను పరిశీలిస్తే, రక్తంలో ఈ రసాయనం అతి తక్కువ ఉన్నవాళ్ల కంటే అతి ఎక్కువ ఉన్నవాళ్లలో మొత్తం కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 11, 12 మిల్లీగ్రాముల మేర హెచ్చుగా ఉంది. 2012లో అక్కడి శాస్త్రవేత్తల మండలి పీఎఫ్‌ఓఏకూ అధిక కొలెస్ట్రాల్‌కూ సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది. విచిత్రం ఏమిటంటే, ప్రయోగశాల ఎలుకల్లో ఇదే రసాయనం కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. కొవ్వును కరిగించే పనికి ఆజ్ఞలిచ్చే గ్రాహకం ఎలుకలో స్పందించినంతగా మనిషిలో స్పందించకపోవడం ఇందుకు ఒక వివరణ. పైగా ఈ అణువులు పైత్యరసంతో పేగులోకి దిగి, అక్కడి నుంచి మళ్లీ కాలేయానికే చేరతాయి. మనిషి రక్తంలో పీఎఫ్‌ఓఏ సగానికి తగ్గడానికి రెండు నుంచి నాలుగేళ్లు పట్టడానికి ఇదీ ఒక కారణం.

కొలెస్ట్రాల్ పెరిగితే గుండెకు ముప్పు; డెల్టాలో గుండె జబ్బుల లెక్క కూడా మన ముందుంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఏడాదిపాటు మరణాలను నమోదు చేసిన పరిశోధకులు 2006లో ఫలితాలు వెల్లడించారు: ప్రతి 100 మరణాల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పొగాకు, రక్తపోటు, చక్కెర వ్యాధి, మారిన తిండి, వీటి వాటా తప్పకుండా ఉంటుంది. మొండి రసాయనాల వాటా ఎంతో చెప్పాలంటే ఒకే మనిషి రక్తంలో కొలెస్ట్రాల్‌నూ అవశేషాలనూ కలిపి కొలవాలి, కాలేయాన్ని స్కాన్ చేయాలి.

అది చేతకాని పని కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి కుప్పకూలినప్పుడు, రోజుల వ్యవధిలోనే ఢిల్లీ ఎయిమ్స్ వారి రక్తంలో సీసం, నికెల్ కోసం వెతికింది. ఇతర సంస్థలు నీటిలో, కూరగాయల్లో పురుగుమందుల కోసం వెతికాయి. ఆ ఆత్రం నెమ్మదిగా పనిచేసే విషాల మీదా చూపాలి. వరి తెగుళ్ల చరిత్ర తెలిసిన మార్టేరు పరిశోధన స్థానం, 1958 నుంచి డెల్టా రోగులను చూస్తున్న కాకినాడ రంగరాయ వైద్య కళాశాల కలిసి పూనుకుంటే, బీహెచ్‌సీ చల్లిన తరాన్ని, చెరువు చేప తిని పెరిగిన తరాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించవచ్చు. ఆ మొదటి తరంలో చాలామందికి ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి కాబట్టి ఈ పని త్వరగా మొదలవ్వాలి.