వైన్స్ బోర్డు వెనక, ద్రాక్షతోట ముందు

తెలుగు ఊళ్ళలో పెరిగినవాళ్ళకి "వైన్స్" అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. దేవుడి పేరో, ఓనరు పిల్లల పేరో పెట్టి పక్కన "వైన్స్" అని రాసిన బోర్డు. లోపల దొరికేది బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. అసలు వైను అక్కడ అడిగేవాళ్ళే తక్కువ. అలా పేరు మాత్రం మన నాలుక మీదకి వచ్చింది గానీ, రుచి రాలేదు. బెళ్ళందూరులో స్థిరపడ్డాక ఎండాకాలం సాయంత్రాల్లో మా ఇంటి బల్ల మీదకి ఒక వైను సీసా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఈ చరిత్ర చెప్పుకోవాలి.

ద్రాక్ష మనకి కొత్తదేం కాదు. కవిత్వాన్నే ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విడదీసి చూసినవాళ్ళం. ఆయుర్వేదంలో ద్రాక్షారిష్టం ఉండనే ఉంది. ఎండుద్రాక్ష కషాయాన్ని బెల్లం వేసి పులియబెట్టి చేస్తారు, కొంత ఆల్కహాలు దానంతటదే పుడుతుంది. కాకపోతే అది మందు, చెంచాలతో కొలిచి తాగేది. హైదరాబాదు తోటల్లో అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పేరు మోసింది. అది కూడా ఎక్కువగా బుట్టల్లో ఇంటికి చేరి, పిల్లలు తినే పండుగానే మనకి గుర్తు.

బెంగళూరు వైపు కథ వేరు. ఈ చుట్టుపక్కల గ్రామీణ జిల్లాలోనూ, చిక్కబళ్ళాపురం, కోలారుల్లోనూ వందేళ్ళకు పైగా ఒక నల్ల ద్రాక్ష పండుతోంది. పేరు బెంగళూరు బ్లూ. మందపాటి తొక్క, నొక్కితే జారి బయటికొచ్చే గుజ్జు, గదంతా నిండే వాసన. తెగుళ్ళకి ఓర్చుకుంటుంది, ఏడాదికి రెండు కాపులిస్తుంది, అందుకే చవక. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిక్కబళ్ళాపురం, కోలారు పల్లెల్లో ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే కాబట్టి, ఈ ద్రాక్ష సగం మనదే అనుకోవచ్చు.

దీని అసలు జాతి అమెరికా నుంచి వచ్చిన ఇసబెల్లా. ఫ్రాన్సులో 1934 నాటి చట్టం ఈ ఇసబెల్లాతో సహా కొన్ని సంకర రకాల ద్రాక్షను అమ్మకపు వైనుకి పనికిరాదని నిషేధించింది. అక్కడ వెలివేసిన పండే ఇక్కడ జ్యూసుకీ, జాముకీ, చవకైన తియ్యటి ఎర్ర వైనుకీ ఆధారమైంది. బెంగళూరు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మసుకి జాడీల్లో పులియబెట్టే ఇంటి వైనుకి కూడా చేతికందే పండు ఇదే.

ఫ్రెంచి రకాలతో పొడి వైను, అంటే తీపి మిగలని వైను, చేసే ప్రయత్నం 1988లో నంది కొండల దిగువన దొడ్డబళ్ళాపురం దగ్గర మొదలైంది. కన్వల్ గ్రోవర్ పెట్టిన తోట అది. దాదాపు 900 మీటర్ల ఎత్తు, రాత్రిపూట చల్లదనం, నీరు నిలవని నేల ఆ తీగలకి నప్పాయి.

ఆ తోట సీసాలు బయటికొస్తున్న ఏళ్ళలోనే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణానికి అడ్డం తిరిగారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. సీసా అంటేనే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మొహం మారిపోవడానికి వెనక ఇంత ఉంది. దాన్ని చాదస్తం అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

కర్ణాటకలో ఈ రెండు దారులూ ఒకే ఏడాది కలిశాయి. 2007 జూలై 1 నుంచి ఇక్కడ సారా బంద్. అదే ఏడాది ద్రాక్ష రైతుల కోసమంటూ ప్రభుత్వం వైను విధానం తెచ్చింది. మెల్లగా నంది లోయ సీసాలూ, నాసిక్ సీసాలూ మామూలు ఉద్యోగస్తుల చేతికి అందసాగాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. "వైను కదా, ఏం కాదు" అనేమాట తరచూ వింటాం. 12.5 శాతం వైను 150 మి.లీ. గ్లాసులో దాదాపు 19 మి.లీ. ఆల్కహాలు ఉంటుంది. 42.8 శాతం బ్రాందీ 30 మి.లీ. పెగ్గులో ఉండేది 13. 180 మి.లీ. క్వార్టర్‌లో 77 ఉంటే, 750 మి.లీ. వైను సీసా మొత్తంలో 94. అంటే ద్రవంలో మర్యాద ఏమీ లేదు. తేడా అంతా దాన్ని తిండితో, నలుగురి మధ్య, ఎంతలో ఆపుతామన్న దాంట్లోనే ఉంది. అందుకే మా ఇంట్లో పద్ధతి: పళ్ళెం రాకుండా సీసా తెరవం, ఒక్కొక్కరికి ఒక గ్లాసే, వద్దన్నవాళ్ళని రెండోసారి అడగం.

ఎండాకాలానికి ఖరీదైనవి అక్కర్లేదు. నాసిక్ షెనిన్ బ్లాంక్‌లో పులుపుతో పాటు కొంచెం తీపి ఉంటుంది, మన కారానికి ఆ తీపి అడ్డుపడుతుంది. ఉల్లి పకోడీ, మసాలా వడ, అల్లం పచ్చడితో పెసరట్టు దానికి సరిజోడు. సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి వాసన, పులుపు ఎక్కువ. పెసరపప్పు కోసంబరి, నిమ్మకాయ పిండిన చేప వేపుడు దాని పక్కన పెట్టండి. గులాబీ రంగు రోజే అయితే బెంగళూరు కాంగ్రెస్ కడలేకాయి చాలు.

తెల్ల వైను ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. ఏప్రిల్లో "గది వేడి" అంటే ముప్పై పైనే కాబట్టి ఎర్ర వైనుని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఒగరు ఎక్కువున్న ఎర్ర వైనుని మిరపకాయ బజ్జీలతో మాత్రం కలపొద్దు, మంట రెట్టింపవుతుంది. ఆవకాయకి ఏ వైనూ సరిపోదు. దానికి ముద్దపప్పు, నెయ్యే.

మిగిలిన సీసాకి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. ఒక సీసాకి ఐదు గ్లాసులు. ముగ్గురం తాగితే రెండు గ్లాసులు మర్నాటికి మిగులుతాయి, మిగలాలి కూడా.