ఇంట్లో పగడాల దిబ్బ: కొంచెం చరిత్ర, కొంచెం అజీజియా

ఈ వారం నన్ను మాట్లాడమన్న విషయం ఉప్పునీటి అక్వేరియం. అంటే గుండ్రటి గాజుపాత్రలో గోల్డ్ ఫిష్ పెంచడం కాదు. సముద్రపు నీళ్ళు పోసి, అందులో బతికున్న పగడాలను పెంచే గాజుపెట్టె. దుకాణాల్లో దీన్ని రీఫ్ ట్యాంక్ అంటారు. మన జెడ్డా తెలుగువాళ్ళలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే గానీ, ఉన్నవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పెట్టెలో అన్నీ పోయాయి. మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు ఏం కొనమంటావు?" అని. దీనికి జవాబు దుకాణంలో కన్నా చరిత్రలోనే బాగా దొరుకుతుందని నా నమ్మకం. ఎందుకంటే ఈ పెట్టెకి తగిలించే ప్రతి యంత్రం వెనకా, ఎప్పుడో ఎవరి పెట్టెలోనో జరిగిన చావు ఒకటి ఉంది. ఏ యంత్రం ఏ చావుకి మందో తెలిస్తే, అనవసరమైనవి కొనకుండా ఉంటాం.

సౌదీలో అజీజియా అనే పేటలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. మక్కాలో ఉంది, రియాద్‌లో ఉంది. నేనుండేది జెడ్డా అజీజియాలో. మన హైదరాబాదువాళ్ళూ, మలయాళీలూ, పాకిస్తానీలూ కలిసిమెలిసి ఉండే పేట. పడమటికి కాసేపు కారు నడిపితే ఎర్రసముద్రం. నిజానికి జెడ్డాలో ఇంట్లో పగడాలు ఉండడం కొత్తేమీ కాదు. బలద్ అని పిలిచే పాత ఊరికి వెళ్ళి గోడల్ని దగ్గరగా చూడండి. పూలపూల చారలు కనిపిస్తాయి. అవి పగడపు రాళ్ళు. సముద్రంలోంచి కోసి తెచ్చి, మధ్యమధ్య కర్రదూలాలు పెట్టి, అంతస్తుల మేడలు కట్టారు. 1881 నాటికి పూర్తయిన నసీఫ్ ఇల్లు అలాంటిదే. 2014లో యునెస్కో ఆ పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక చిన్న సందేహం తీర్చాలి. మనకి పగడం అంటే కుజుడి కోసం ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి. అది మధ్యధరా సముద్రంలో చీకటి చోట్ల పెరిగే వేరే జాతి. దిబ్బలు కట్టే పగడాలు వేరు. గోటికన్నా చిన్నవైన మెత్తటి జంతువులు వేలకొద్దీ కలిసి, కింద సున్నపు గూడు కట్టుకుంటూ పెరుగుతాయి. చెట్టులా కనిపిస్తుంది, రాయిలా తగులుతుంది, కానీ జంతువు. అందుకే దాన్ని బతికించడం కష్టం.

ఎర్రసముద్రపు చేపల్నీ పగడాల్నీ మొదట శాస్త్రీయంగా రాసిపెట్టినవాడు పీటర్ ఫోర్స్కాల్. లిన్నేయస్ శిష్యుడు. డెన్మార్క్ రాజు పంపిన బృందంలో 1761లో బయల్దేరి, 1762 అక్టోబరు చివర్లో జెడ్డా చేరి, ఆరేడు వారాలు ఇక్కడున్నాడు. జాలర్లను అడిగి అరబ్బీ పేర్లు రాసుకున్నాడు. చేపల చర్మాన్ని ఆకుల్లాగా కాగితాల మధ్య ఆరబెట్టి అంటించాడు. అవి ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో ఉన్నాయి. మా కాకినాడ వైపు పాలబొంత అంటామే, ఆ చేపను శాస్త్రానికి పరిచయం చేసింది ఈయనే, జెడ్డాలో దొరికినదాన్ని చూసి. 1763 జులైలో యెమెన్‌లో మలేరియాతో పోయాడు. అప్పటికి ముప్పై ఒకటేళ్ళు. ఆరుగురిలో ప్రాణాలతో ఇల్లు చేరింది కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే. ఫోర్స్కాల్ రాతలను 1775లో అచ్చు వేయించింది కూడా ఆయనే. ఫోర్స్కాల్ ఎన్ని చేపలు చూసినా, ఒక్కదాన్నీ బతికుండగా ఇంటికి తీసుకెళ్ళే దారి ఆ రోజుల్లో లేదు.

ఆ దారి వెతికింది ఇంగ్లండులో ఒక ఇల్లాలు. ఆనా థిన్ అని, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో అధికారిగా ఉన్న మతాచార్యుడి భార్య. 1846లో టార్కీ తీరంలో చిన్న పగడాలు దొరికితే, వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టి, రాతిజాడీలో సముద్రపు నీళ్ళు పోసి లండన్ తెచ్చుకుంది. నీళ్ళు మార్చడానికి సముద్రం దగ్గర్లో లేదు. అందుకని పనిమనిషి చేత రోజూ కిటికీ దగ్గర అరగంట, ముప్పావుగంట ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోయించేది. గాలి కలవడానికి. మనం టీ తిరగబోసినట్టన్నమాట. మరుసటేడు నీళ్ళలో సముద్రపు మొక్కలు కూడా వేసింది. మూడేళ్ళపాటు అవి బతికాయి. ఇవాళ మనం పెట్టే ఎయిర్ పంపూ, వేవ్ మేకరూ ఆ పనిమనిషి చేతులే. ఆమె పేరు మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

తరవాత ఫిలిప్ గాస్ వచ్చాడు. 1853లో లండన్ జూలో మొదటి చేపలశాల తెరిచారు, 1854లో గాస్ పుస్తకంతో అక్వేరియం అన్న మాట జనం నోళ్ళలో పడింది. ఇంటింటా గాజుపెట్టెలు వెలిశాయి. పదేళ్ళు తిరక్కుండానే మోజు చప్పబడింది. పెట్టెలు కంపు కొట్టాయి. ఈలోగా జనం ఎగబడి తీరంలోని రాళ్ళను గీకి ఖాళీ చేశారు. ఈ సరదాకి మొదటినుంచీ ఉన్న పాపం ఇది. దీని గురించి మళ్ళీ చెప్తాను.

ఆనా థిన్ పెంచినవి చల్లటి నీళ్ళ పగడాలు. ఎండ అక్కర్లేదు. ఎర్రసముద్రపు పగడాలు అలా కాదు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. 1881లో బ్రాంట్ అనే జర్మన్ దానికి జూజాంథెల్లా అని పేరు పెట్టాడు. ఆ నాచు ఎండతో వండిన తిండిని జంతువుకి పెడుతుందని తేల్చే ప్రయోగాలు 1950ల చివర్లో, రేడియో కార్బన్‌తో సముద్రపుష్పాల మీద మొదలయ్యాయి. అప్పటిదాకా ఇళ్ళలో పెట్టిన పగడాలు ఎందుకు పోతున్నాయో పెంచేవాళ్ళకి సరిగ్గా అంతుపట్టలేదు. చాలావరకు చీకట్లో ఆకలితో పోయాయి.

1961లో జకార్తా నుంచి లీ చిన్ ఎంగ్ అనే ఆయన అమెరికా పత్రిక ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్‌లో తన పద్ధతి రాశాడు. సముద్రపు నీళ్ళు, ఎండ, గాలిబుడగలు, సముద్రంలోంచి తెచ్చిన బతికున్న రాళ్ళు. అంతే. రాయి బతకడమేమిటంటారా? ఆ రాళ్ళ రంధ్రాల్లో బాక్టీరియా ఉంటుంది. చేపల మలినంలోంచి వచ్చే అమోనియా విషం. పైన గాలి తగిలే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తుంది. రాయి లోపల గాలి ఆడనిచోట ఉన్నవి ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి పైకి పంపేస్తాయి. లీ మాట అప్పట్లో పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. ఎండా సముద్రమూ ఉన్న జకార్తాలో సరే, చికాగోలో ఎలా అన్నారు.

1986లో జార్జ్ స్మిట్ అనే డచ్ ఆయన ఇంకో అమెరికన్ పత్రికలో వరుసగా వ్యాసాలు రాసి, నీళ్ళు ప్లాస్టిక్ బంతుల మీదుగా చినుకుల్లా జారే ఫిల్టర్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ఎంత ఖరీదైనా జనం కొన్నారు. అమోనియా పోయింది, చేపలు బాగున్నాయి. కానీ పని నైట్రేట్ దగ్గరే ఆగిపోయేది. నైట్రేట్ పేరుకుని నాచు పట్టి, గట్టి పగడాలు వాడిపోయేవి. అంటే ఖరీదైన అప్‌గ్రేడే సమస్య అయింది! ఇప్పటికీ పాత పెట్టెలు కొన్నవాళ్ళ అడుగు అరలో ఈ బంతులు చూస్తుంటాను. తీసెయ్యమనే చెప్తాను. అయితే ఒక్కసారిగా కాదు, వారానికి కొన్ని చొప్పున.

దీనికి విరుగుడు బెర్లిన్ నుంచి వచ్చింది. అక్కడి సరదా పెంపకందార్లు, వారిలో డీట్రిచ్ స్ట్యూబర్ ముఖ్యుడు, బంతులూ గింతులూ పక్కనపెట్టి, బతికున్న రాళ్ళు, బలమైన దీపాలు, స్కిమ్మర్ అనే గొట్టం, ఇవే చాలన్నారు. స్కిమ్మర్ పని పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురగను గరిటెతో తీసెయ్యడం లాంటిది. మలినం కుళ్ళకముందే నురగలో బయటికి పోతుంది. దానికి తోడు స్విట్జర్లండ్‌లో పీటర్ విల్కెన్స్ 1970ల్లోనే చెప్పిన ఇంకో చిట్కా, సున్నపు తేట. పగడం గూడు కట్టుకోవడానికి కాల్షియం కావాలి కదా. ఆవిరైన నీళ్ళ స్థానంలో రాత్రిపూట చుక్కచుక్కగా సున్నపు తేట పోస్తే, కాల్షియమూ అందుతుంది, నీటి క్షారగుణమూ నిలబడుతుంది. మన అమ్మమ్మలకి తెలిసిన సున్నపు తేటే గానీ, తాంబూలంలో వేసే సున్నం డబ్బా ఎత్తకండి. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి.

ఇక మా ఇంటి సంగతి. 2009 నవంబరు 25న జెడ్డాలో వరదొచ్చి వందమందికి పైగా పోయిన సంగతి శ్రోతల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2011 జనవరి 26న మళ్ళీ అలాంటి వాన. అంత ఘోరంలో ఒక గాజుపెట్టె కథ చెప్పడం చిన్న విషయమే. ఆ సాయంత్రం మా భవనంలో కరెంటు పోయి, మర్నాడు దాకా రాలేదు. పంపులు ఆగితే పెట్టెలో ముందు అయిపోయేది ప్రాణవాయువు. నేనూ మా ఆవిడా వంతులేసుకుని, కొవ్వొత్తి వెలుగులో, మగ్గుతో నీళ్ళు తోడి పైనుంచి పోశాం. ఆనా థిన్ పనిమనిషి ఉద్యోగమే. తెల్లారేసరికి పెద్ద చేపలు పోయాయి. కొమ్మల పగడాలు వారంలోపు తెల్లగా అయ్యాయి. తోలు పగడమూ, పుట్టగొడుగు పగడాలూ మిగిలాయి.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నేను ముందు కొన్నది దీపమూ కాదు, స్కిమ్మరూ కాదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు. కరెంటు పోగానే దానంతటదే మోగుతుంది. ఖరీదు ఒక చేపంత. రెండోది, మూడు వారాల ఓపిక. రాళ్ళలోని బాక్టీరియా కూడా చచ్చి ఉంటుంది కాబట్టి, అమోనియా సున్నా చూపించేదాకా కొత్త ప్రాణిని వెయ్యకూడదు.

మూడోది మంచినీళ్ళు. ఇక్కడ మళ్ళీ మన పేట చరిత్ర వస్తుంది. ఉస్మానీ తుర్కుల కాలంలో జెడ్డా జనం సముద్రపు నీళ్ళను ఆవిరి చేసి చల్లార్చిన నీళ్ళు తాగేవాళ్ళు. ఆ యంత్రాన్ని కిందాసా అనేవాళ్ళు, కండెన్సర్ అన్న మాట అరబ్బీ నోట అలా అయింది. 1947లో వాదీ ఫాతిమా నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చారు. రాజు అబ్దుల్ అజీజ్ పేరిట ఆ పథకాన్ని అయిన్ అల్ అజీజియా అన్నారు. 1970 నుంచి పెద్ద కర్మాగారాలు సముద్రాన్నే మంచినీళ్ళు చేస్తున్నాయి. నీళ్ళు మంచివే, కానీ మన కుళాయికి వచ్చేలోపు నేల తొట్టి, మిద్దె మీద ట్యాంకు, పాత గొట్టాలు దాటాలి. రాగి పిసరంత కలిసినా రొయ్యలూ పగడాలూ తట్టుకోవు. కాబట్టి ఆర్‌ఓ తప్పదు. ఏసీ గాలికి మా మూడొందల లీటర్ల పెట్టెలో రోజుకి నాలుగు లీటర్ల దాకా ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు. ఆ నాలుగు లీటర్లూ రోజూ నింపకపోతే ఉప్పదనం పెరుగుతూ పోతుంది. అన్నట్టు, ఎర్రసముద్రం జెడ్డా దగ్గర లీటరుకి దాదాపు నలభై గ్రాముల ఉప్పు. పుస్తకాల్లో రాసేది ముప్పై ఐదు. దుకాణంలో ఇండోనేషియా పగడం కొని, ఇక్కడి సముద్రపు నీళ్ళు అలాగే పోస్తే దానికి కష్టమే.

నాలుగోది వేడి. పాత మెటల్ హాలైడ్ దీపాలు నీళ్ళను కాచేవి. ఎల్ఈడీలు వచ్చాక ఆ బాధ తగ్గింది, మన ఊళ్ళో దీపాలు మార్చడానికి అందంకన్నా ఇదే మంచి కారణం. చిల్లర్ కొంటే అది వదిలే వేడి గదిలోనే తిరక్కుండా బాల్కనీలో పెట్టండి. ఎర్రసముద్రపు పగడాలు వేడికి ఓర్చుకుంటాయని ధీమా పడొద్దు. వేసవి చివర్లో ఇక్కడి సముద్రమే ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీలు తాకుతుంది. జెడ్డాకి ఉత్తరాన తువల్ దగ్గర, 2009లో తెరిచిన కాస్ట్ విశ్వవిద్యాలయం వాకిట్లోనే, 2010లోనూ 2015లోనూ దిబ్బలు తెల్లబడ్డాయి. 2023లో ఎర్రసముద్రంలో మళ్ళీ అదే జరిగింది. ఒంట్లోని నాచును వెళ్ళగొట్టడమే ఆ తెల్లబడడం.

ఆ పాపం గురించి చెప్తానన్నాను కదా. జెడ్డా కార్నిష్ వేసినప్పుడే తీరం పొడుగునా బోలెడు దిబ్బ పూడిపోయింది. మిగిలినదాంట్లోంచి మనం విరవొద్దు. సెలవుల్లో ఇంటికెళ్తూ సూట్‌కేసులో ముక్క పట్టుకెళ్దామనుకునేవాళ్ళకి ఇంకో మాట. దిబ్బలు కట్టే గట్టి పగడాలు అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉన్నాయి. ఇండియాలో 2001 నుంచీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులి ఉన్న జాబితాలో. చచ్చిన ముక్క కూడా అంతే. విమానాశ్రయంలో "ఇది రాయి సార్" అంటే కుదరదు.

మరి కొత్త పగడం ఎక్కడిది? బెర్లిన్ స్ట్యూబర్ దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. ఆయన పెట్టెలో పెరిగిన ఒక కొమ్మ పగడాన్ని ముక్కలుగా విరిచి అడిగినవాళ్ళకల్లా పంచాడు. అవి పెరిగాక వాళ్ళు ఇంకొకళ్ళకి పంచారు. ఒకరి ఇంట్లో పోతే ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. మా అజీజియాలోనూ నలుగురం అదే చేస్తున్నాం. 2011లో మిగిలిన తోలు పగడం ముక్క ఒకటి అప్పట్లో పక్క వీధి మలయాళీ మిత్రుడికి ఇచ్చాను. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో మా ఏసీ చెడిపోయి నా దగ్గర ఉన్నది పోయింది. ఆయన బ్లేడుతో కోసి, పెరుగు డబ్బాలో పెట్టి తెచ్చిచ్చాడు. ఇప్పుడది అరచేయంత అయింది.