ఎర్ర నీళ్లు, తేట నీళ్లు: మన కాలువకు ఎగువన గనుల కథ



విడపనకల్లు వైపు మనోళ్లం నీళ్లను రంగు చూసి నమ్ముతాం. ఎర్రగా ఉంటే చెడ్డవి, తేటగా ఉంటే మంచివి అంటాం. గనుల చరిత్ర చదివితే ఈ లెక్క అన్నిచోట్లా చెల్లదని తెలుస్తుంది.

మన జిల్లాకు తుంగభద్ర నీళ్లు హెచ్చెల్సీ కాలువలో బళ్ళారి మీదుగా వస్తాయి. ఎగువన భద్ర పుట్టే కుద్రేముఖ్ కొండల్లో ఇనుప గని ఉండేది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర్లో ఆగింది. డ్యాంకు దగ్గర్లోని సండూరు, హోస్పేట కొండల్లో హెమటైట్ తవ్వుతారు. అక్రమాలు మితిమీరడంతో 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపించింది. 1953లో నీళ్లు నింపినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టిన డ్యాం, 2016 సర్వే నాటికి 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఆ పూడికంతా గనులదే కాదు, పొలాల మట్టి, చెట్లు పోయిన కొండల మట్టి కూడా ఉంది.

అయితే హెమటైట్ తెచ్చే ఎరుపు ఎక్కువగా మట్టే. అందులో ఇనుము ముందే ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది కాబట్టి మామూలు నీళ్లలో దాదాపు కరగదు. డ్యాంను, చెరువును పూడుస్తుంది గానీ నీళ్లను ఆమ్లంగా మార్చదు.

గంధకం ఉన్న పైరైట్ లాంటి ఖనిజాల సంగతి వేరు. తవ్వి బయట పోస్తే గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. 1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనేవాళ్లు బొగ్గుగని నీళ్లలో ఈ పనిని వేగం చేసే బాక్టీరియాను చూపించినారు. ఆ ఆమ్లంలో రాగి, జింకు, అల్యూమినియం కరిగిపోతాయి. అలాంటి నీళ్లు అద్దంలా తేటగా ఉండొచ్చు, చేప మాత్రం బతకదు. కిందికి పారి మంచినీళ్లు కలిసి ఆమ్లం తగ్గినాక ఇనుము నారింజరంగు బురదగా పేరుకుంటుంది. ఆర్సెనిక్‌ను కూడా పట్టుకుంటుంది. అంటే రంగు తేలిన చోట కొంత లోహం నీళ్లలోంచి దిగిపోయినట్టే. మళ్లీ ఆమ్లం పెరిగితే ఆ బురదే దాన్ని వదులుతుంది.

జపాన్‌లో అషియో రాగి గని నీళ్లు వతరాసే నది వరదల్లో దిగువ రైతుల వరి మడులను పాడుచేసినాయి. వాళ్ల కోసం తనకా షోజో 1901లో పార్లమెంటు సభ్యత్వం వదిలి, చక్రవర్తికే అర్జీ ఇవ్వబోయినాడు. ఎక్కడైనా దిగువనున్నోళ్లే ముందు నష్టపోతారు.

మన జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అది రాతిలోంచి వచ్చింది, దానికీ రంగు లేదు. అందుకే మేం చెప్పేది ఒక్కటే. మీ తండా నీళ్లు కంటితో చూసి వదిలేయకండి. సచివాలయంలో అర్జీ పెట్టి పరీక్ష చేయించండి. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉందా, ఫ్లోరైడ్, ఇనుము, ఆర్సెనిక్ ఎంత అని అడగండి. వచ్చిన కాగితాన్ని దాచుకోండి. రేపు నీళ్లు మారినాయని నిరూపించాలంటే మన చేతిలో ఉండేది అదే.