బెసిలేట్ ఎలా వచ్చింది?

బీపీకి వాడే ఆమ్లోడిపిన్ స్ట్రిప్పు వెనక్కి తిప్పితే, మందు పేరు పక్కన ‘బెసిలేట్’ అని ఉంటుంది. 5 మిల్లీగ్రాముల మాత్రలో నిజానికి ఉండేది సుమారు 6.9 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ బెసిలేట్. 5 మిల్లీగ్రాములు మందుదైతే, మిగతాది దానికి జతచేసిన బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం బరువు. ఈ జంటను రసాయన శాస్త్రం లవణం అంటుంది. ఇందులో సోడియం లేదు కాబట్టి, ఉప్పు తగ్గించుకోవాల్సినవాళ్లు దీని గురించి కంగారు పడనక్కర్లేదు. ఆ ఆమ్లం రక్తనాళాల కోసం రాలేదు, మాత్ర నిలవడం కోసం వచ్చింది. దాని చరిత్ర చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో ఫైజర్ శాస్త్రవేత్తలు ఈ మందును రూపొందించినప్పుడు ముందుగా ఎంచుకున్నది మాలియేట్ లవణాన్ని. తొలి పేటెంటు కూడా దానికే మొగ్గు చూపింది. తీరా మాత్రలు కొట్టబోతే పొడి యంత్రం పంచ్‌లకు అతుక్కుపోయింది. అంతకంటే పెద్ద చిక్కు నిల్వలో ఎదురైంది. మాలియిక్ ఆమ్లంలోని ద్విబంధం మందులోని అమైన్‌తో మెల్లగా కలిసి, వేరే పదార్థాన్ని పుట్టిస్తోంది. తోడుగా తెచ్చిన ఆమ్లమే మందును తినేస్తోందన్నమాట. 1984లో ఫైజర్‌కే చెందిన జేమ్స్ వెల్స్ వేరే ఆమ్లాలను ప్రయత్నించమన్నాడు. వాటిలో నెగ్గింది బెసిలేట్. అది తగినంత కరుగుతుంది, తేమను పీల్చదు, పంచ్‌లకు అంతగా అంటదు. 1992లో అమెరికాలో నార్వాస్క్‌గా అనుమతి పొందింది ఆ రూపమే.

హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పాత మాలియేట్‌తోనే అమెరికా మార్కెట్లోకి వెళ్లబోయింది. గడువు పొడిగించిన ఫైజర్ తొలి పేటెంటు బెసిలేట్‌కే పరిమితమని దాని వాదన. అసలు మందు ఆమ్లోడిపిన్, లవణం ఏదైనా పేటెంటు వర్తిస్తుందని ఫైజర్ వాదించింది. 2004లో అప్పీలు కోర్టు ఫైజర్ పక్షానే నిలిచింది. మూడేళ్లకు, మరో మందుల కంపెనీ అపోటెక్స్‌తో జరిగిన కేసులో బెసిలేట్ ఎంపికే గొప్ప ఆవిష్కరణ అని అదే ఫైజర్ చెప్పుకుంది. ఆ ఎంపిక నిపుణుడికి తట్టేదేనంటూ కోర్టు బెసిలేట్ పేటెంటును కొట్టేసింది. ఇది రెండు నాలుకల ధోరణి అనిపించవచ్చు. కానీ శాస్త్రపరంగా రెండు మాటలూ పొసగుతాయి: ఒంట్లోకి వెళ్లాక లవణం విడిపోయి ఒకే ఆమ్లోడిపిన్ మిగులుతుంది, తేడా అంతా ఫ్యాక్టరీలోనూ అలమరలోనూ.

అలాగైతే మరో బీపీ మందు మెటోప్రొలాల్‌లో టార్ట్రేట్, సక్సినేట్ లవణాలు ఒకటి కావని డాక్టర్లు ఎందుకు పట్టుబడతారని అడగవచ్చు. పట్టుబట్టాల్సిందే. అయితే అక్కడి తేడాకు మూలం ఆమ్లం కాదు, మాత్ర నిర్మాణం. సక్సినేట్‌ను సాధారణంగా రోజంతా నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేస్తారు. మామూలు టార్ట్రేట్ త్వరగా విడుదలవుతుంది. గుండె వైఫల్యంలో మరణాలు తగ్గించిందని 1999లో తేలింది ఆ నెమ్మది రూపమే. కాబట్టి మెటోప్రొలాల్ మారిస్తే డాక్టర్‌ని అడగాలి. ఆమ్లోడిపిన్‌లో మాత్రం లవణం పేరు కంటే, అది 5 మిల్లీగ్రాములా 10 మిల్లీగ్రాములా అన్నదే ముందు చూడాలి.