నొప్పి తెలియని పాదం

చల్లపల్లి ప్రాంతపు వరిమళ్ళలో నాట్లకు దిగే రైతు చెప్పులు గట్టుమీదనే విడుస్తాడు. బురదలో ముల్లుగాని, నత్తగుల్లగాని గుచ్చుకుంటే తటాలున కాలు తీస్తాడు. ఆ నొప్పే అతని పాదానికి రక్ష. కుష్ఠువ్యాధిలోను, దీర్ఘకాలపు మధుమేహంలోను నాడులు చెడి పాదం మొద్దుబారితే ఆ రక్ష పోతుంది. పుండు పడినా నడక ఆగదు. తుదకు కాలే తీసివేయవలసి రావచ్చు.

కుష్ఠురోగి వేళ్ళు, పాదాలు రోగంవల్లనే కుళ్ళిపోతాయని వైద్యులుకూడా చాలాకాలం నమ్మారు. ఈ నమ్మకాన్ని సడలించిన కృషిలో ముఖ్యభాగం దక్షిణభారతంలోనే జరిగింది. కొల్లిమలలపై బాల్యం గడిపిన పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చాడు. మరుసటి సంవత్సరం చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ నడిపే కుష్ఠు వైద్యాలయాన్ని చూశాడు. అటుపైన ఆయనా, ఆయన సహచరులూ ఏళ్ళ తరబడి పరిశీలించి తేల్చినది ఇది: రోగి మాంసం మామూలు మాంసంవలెనే మానుతుంది, స్పర్శలేని పాదంమీద పదే పదే పడే వొత్తిడే దానిని మాననివ్వదు.

వొత్తిడి అంటే బరువును వైశాల్యంతో భాగించగా వచ్చేది. బరువు తగ్గించలేకపోయినా, దానిని మోసే చోటును పెంచవచ్చు. అరికాలికి, పిక్కకు అంటిపెట్టుకొని వుండే పిండికట్టు చేసే పని అదే. మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరుతో చేసిన చెప్పులకూ సూత్రం ఇదే. వేలూరు చెంత కరిగిరిలో 1955లో వెలసిన పరిశోధనాసంస్థలో ఈ విద్యను వైద్యులకే కాక, చెప్పులు కుట్టే పనివారికీ నేర్పారు.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్‌విల్ చేరాడు. కుష్ఠురోగి పాదం నేర్పిన పాఠం అక్కడ మధుమేహరోగి పాదానికీ అక్కరకు వచ్చింది. స్పర్శను పరీక్షించే నైలాన్ పోగు అక్కడి పరిశోధనవల్లనే ప్రచారం పొందింది. చేయి ఎంత నొక్కినా ఆ పోగు సుమారు 10 గ్రాముల బలానికే వంగుతుంది. అది అరికాలికి తగిలినా తెలియకపోతే పాదం ప్రమాదంలో వున్నట్టే.

అమెరికాలో పాదవైద్యం ప్రత్యేకవృత్తి. దానికి వేరే కళాశాలలు, పట్టం పొందిన తరువాత 3 సంవత్సరాల ఆసుపత్రి శిక్షణ వున్నాయి. మన దేశంలో ఈ భారం ఎక్కువగా సాధారణ వైద్యులు, శస్త్రవైద్యులు మోస్తున్నారు. వైద్యులు 5 సంవత్సరాలకు 30 గంటలైనా విద్యాసదస్సులలో పాల్గొనాలని భారత వైద్యమండలి 2002 నిబంధనలలో చెప్పింది. ఈ గంటలు వట్టి లాంఛనం కావు. పట్టా పుచ్చుకున్ననాడు నేర్చినదే చాలుననుకొని వుంటే, మానే పుండును మానదని వైద్యలోకం ఇంకా నమ్ముతూనే వుండేది.

రోగి చేయవలసినదీ కొంత వుంది. పొలంనుంచి వచ్చి కాళ్ళు కడుక్కొన్నాక, మధుమేహం గలవారు రోజూ అరికాలు తిప్పి చూసుకోవాలి. నొప్పి చెప్పని సంగతిని అక్కడ కన్నే చెప్పాలి.