తాళం లేని తెల్ల సైకిలు నుంచి స్కాన్ చేసే స్కూటర్ దాకా

అద్దె స్కూటర్ల కథ ఎవరైనా చెప్పాలంటే యాప్‌తో మొదలుపెడతారు. ఫోన్ తీశాం, కోడ్ స్కాన్ చేశాం, తాళం ఊడింది, బయల్దేరాం... ఏదో మన తరం కనిపెట్టినట్టు! నిజానికి ఈ ఆలోచనకి అరవై ఏళ్ళు దాటాయి. అప్పట్లో యాప్ లేదు సరికదా, తాళం కూడా లేదు.

1965 వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే కుర్రకారు బృందం ఒకటుండేది. వాళ్ళలో లూడ్ స్కిమెల్‌పెనింక్ అనే ఇండస్ట్రియల్ డిజైనర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఊరి నడిబొడ్డులోకి కార్లు రాకూడదు, మున్సిపాలిటీ వాళ్ళే ఏటా 20,000 సైకిళ్ళు కొని, తెల్లరంగు వేసి, తాళాల్లేకుండా వీధుల్లో వదిలెయ్యాలి. కావలసినవాడు తొక్కుకుంటూ వెళ్ళి, దిగినచోట వదిలేస్తాడు. ఇంకొకడు దాన్ని తీసుకుంటాడు. ఊరికి చూపించడానికి వాళ్ళే కొన్ని సైకిళ్ళకి రంగు వేసి రోడ్డు మీద పెట్టారు.

ఈ కథని చాలామంది ఇలా ముగిస్తారు: "జనం వాటిని ఎత్తుకుపోయారు, కాలవల్లో పడేశారు, ఉచితంగా ఇస్తే ఇంతే!" కానీ జరిగింది అది కాదండీ. ఆ నాలుగు సైకిళ్ళనీ పట్టుకుపోయింది దొంగలు కాదు, పోలీసులు. సైకిలుకి తాళం వెయ్యకుండా వీధిలో వదలడం అక్కడి నిబంధనల ప్రకారం తప్పు. దానికి ప్రోవోలు ఏం చేశారో తెలుసా? నంబరు తాళాలు బిగించి, ఆ నంబరు సైకిలు మీదే రాసి పెట్టారు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించే మన కొలీగ్స్ గుర్తొచ్చారా? :) 1967లో స్కిమెల్‌పెనింక్ నగర కౌన్సిల్‌లో సభ్యుడయ్యాడు, అక్కడా ఈ ప్లాన్ పెట్టాడు. కౌన్సిల్ ఒప్పుకోలేదు. అంటే మన భాషలో చెప్పాలంటే, ఆ ప్రోగ్రాం ఫెయిలవ్వలేదు. అసలు రన్నే అవ్వలేదు.

సరే, ఉచితం సంగతి వదిలేద్దాం. అద్దె సైకిలు మనకి మాత్రం కొత్తా? మా నాన్న తరంలో ప్రతి ఊళ్ళోనూ అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. మడ్‌గార్డు మీద నంబరు. నోటుబుక్కులో పేరు, తీసుకున్న టైము. గంటకి ఇంత అని రేటు. తెలియని కుర్రాడు వస్తే "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని అడిగేవాడట షాపాయన. మనం రెండు డేటాబేసులు కలిపి చేసే వెరిఫికేషన్ అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. షాపాయన దగ్గర మూడు విషయాలు పక్కాగా ఉండేవి. ఒకటి, బండి ఎవరు తీసుకెళ్ళారో తెలుసు. రెండు, అది తిరిగి ఎక్కడికి రావాలో తెలుసు, తన షాపుకే. మూడు, చెడిపోతే బాగుచేసేది ఎవరో తెలుసు, తనే. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, మిగతా చరిత్రంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

1995లో కోపెన్‌హేగన్ 1,000 సైకిళ్ళతో సిటీ బైక్స్ మొదలుపెట్టింది. స్టాండులో 20 క్రోనర్ల నాణెం వేస్తే తాళం ఊడుతుంది, తిరిగి పెడితే నాణెం వెనక్కొస్తుంది. విడిభాగాలు వేరే సైకిలుకి పనికిరాకుండా తయారుచేశారు. అంటే రెండో ప్రశ్నకి జవాబు దొరికింది. మొదటిది అలాగే ఉంది, ఎందుకంటే నాణెం మీద పేరు ఉండదు కదా. 20 క్రోనర్లకి సైకిలు వచ్చేస్తుంటే తిరిగి ఇవ్వనివాడిని పట్టుకునేదెలా?

ఆ ముడి విప్పింది కార్డు. 1996లో ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ విద్యార్థులకి మాగ్నెటిక్ కార్డులు ఇచ్చింది. 1998లో ఫ్రాన్సులో రెన్ నగరం ఊరు మొత్తానికి స్మార్ట్ కార్డు పద్ధతి పెట్టింది. 2005లో లియోన్, 2007 జూలైలో పారిస్ వెలిబ్... అక్కడితో ఇది ప్రపంచమంతా పాకింది. బండి పోతే బ్యాంకు కార్డులోంచి డబ్బు కట్ అవుతుంది. "ఎవరబ్బాయివి?" అన్న ప్రశ్న మెషీన్ అడగడం మొదలుపెట్టింది అన్నమాట.

అయినా పారిస్‌లో మొదటి రెండేళ్ళలోనే వేల సైకిళ్ళు పోయాయి, వేల సైకిళ్ళు విరిగాయి. ఇంకో తమాషా ఏంటంటే, మోంమార్త్ర్ గుట్ట మీద తీసుకుని కిందికి అందరూ జారుకుంటూ వచ్చేవారు, మళ్ళీ పైకి తొక్కేవాడు లేడు! పైన స్టేషన్లు ఖాళీ, కింద స్టేషన్లు ఫుల్. 2008లో గుట్ట మీది స్టేషన్లలో తిరిగి పెడితే 15 నిమిషాలు అదనం అని ఆశ చూపించారు. అయినా ట్రక్కుల్లో వేసుకుని పైకి మోయక తప్పలేదు. లోడ్ బ్యాలెన్సింగ్ అంటే సర్వర్లకేననుకుంటాం మనం. ఈ ఖర్చంతా భరించింది జేసీడెకో అనే ప్రకటనల కంపెనీ. బదులుగా ఊళ్ళో హోర్డింగుల హక్కులు తీసుకుంది. మూడో ప్రశ్నకి జవాబు ఆ ఒప్పందంలో ఉంది.

ఇహ తర్వాతి అంకం చైనాది. 2014లో పెకింగ్ యూనివర్సిటీ విద్యార్థులు ఓఫో పెట్టారు. తర్వాత మోబైక్ వచ్చింది. వీళ్ళు స్టేషన్లు తీసేశారు. జీపీఎస్, ఫోన్ ఉంటే చాలు, ఎక్కడైనా తీసుకో, ఎక్కడైనా వదిలెయ్. 1965 నాటి కల, కాకపోతే పెట్టుబడిదారుల డబ్బుతో. 2017 చివరికి చైనా వీధుల్లో 2 కోట్లకు పైగా ఇలాంటి సైకిళ్ళు చేరాయి. ఫుట్‌పాత్ నిండిపోయింది, మున్సిపాలిటీలు పోగుచేసి గుట్టలు పోశాయి. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. 2018 చివర్లో ఓఫో కుప్పకూలింది. డిపాజిట్ మనిషికి 99 నుంచి 199 యువాన్లు. వెనక్కివ్వమని ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డవాళ్ళు కోటి మంది పైనే. ఒకప్పుడు దొంగలున్నారని కంపెనీ భయపడేది, ఈసారి దోపిడీకి గురైంది తొక్కినవాడు.

ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇదే కోడ్‌ని మోటార్ తగిలించి రిలీజ్ చేశాయి. 2017లో బర్డ్ కంపెనీ కాలిఫోర్నియాలో సాంటా మోనికా వీధుల్లో అనుమతులు లేకుండానే స్కూటర్లు పెట్టేసింది. ఊరు కేసు వేస్తే 2018లో 3 లక్షల డాలర్ల పైచిలుకు కట్టి రాజీపడింది. 2023 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది ఏప్రిల్ 2న పారిస్ జనం అద్దె స్కూటర్ల మీద ఓటు వేశారు. వచ్చింది 8 శాతం లోపే, కానీ వాళ్ళలో దాదాపు 89 శాతం వద్దన్నారు. సెప్టెంబరు నాటికి స్కూటర్లు పోయాయి. స్టాండ్లున్న సైకిళ్ళు మాత్రం నిలిచాయి. ఈ తేడా చూడండి.

మన దగ్గరా అంతే. 2017లో మైసూరు స్టాండ్లతో ట్రిన్ ట్రిన్ మొదలుపెట్టింది. స్టాండ్లు లేని ఓఫో 2018లో వచ్చి 2018లోనే సర్దుకుంది. బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి... సీటు చిరిగినవీ, హెల్మెట్ మాయమైనవీ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దాచుకున్నవీ. "మనవాళ్ళకి సివిక్ సెన్స్ లేదు" అని లంచ్ టేబుల్ దగ్గర తీర్పు చెప్పేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. పారిస్‌వాడు కూడా విరగ్గొట్టాడు, చైనావాడు కూడా అడ్డదిడ్డంగా పడేశాడు. అదే మనవాడు వీధిచివర షాపులో అద్దె సైకిలు బుద్ధిగా తిరిగి ఇచ్చేవాడు. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది.

నా ఉద్దేశంలో మనం, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళం, మొదటి ప్రశ్నని బ్రహ్మాండంగా పరిష్కరించాం. ఎవరు తీసుకున్నారో సెకన్లతో సహా లాగ్‌లో ఉంటుంది. మిగతా రెండూ కోడ్‌తో తెగేవి కావు. బండి పెట్టే జాగా మున్సిపాలిటీ ఇవ్వాలి, చెడిన బ్రేకు మెకానిక్ చూడాలి. వీటిని వదిలేస్తే ఆ భారం మాయమవ్వదు, యాప్ ఎప్పుడూ వాడని వాళ్ళ మీద పడుతుంది. ఫుట్‌పాత్ మీద అడ్డంగా పడి ఉన్న స్కూటర్ని దాటడానికి ట్రాఫిక్‌లోకి దిగే ముసలావిడ ఏ టర్మ్స్ అండ్ కండిషన్స్‌కీ ఐ అగ్రీ నొక్కలేదు కదా!

కాబట్టి రేపు మీ ఆఫీసు గేటు ముందు కొత్తరంగు స్కూటర్లు వరసగా కనిపిస్తే, మొదటి రైడ్ ఉచితమా అని చూసేముందు రెండు విషయాలు చూడండి. అది తిరిగి చేరే చోటు ఎక్కడ? దాన్ని బాగుచేసేవాడు ఎవడు? జవాబులుంటే హాయిగా ఎక్కండి. లేకపోతే డిపాజిట్ మాత్రం కట్టకండి!